మీకు తెలుసా? గుర్రం రంగు వెనక గుట్టు

లాయం లేదు, గడ్డి ఖర్చు లేదు, అయినా గుర్రాలు పెంచేవాళ్లున్నారు. వాళ్ల గుర్రాలన్నీ కంప్యూటర్ తెరమీదే ఉంటాయి. 2005లో ఫ్రాన్స్‌లో మొదలైన హౌర్స్ దగ్గర్నుంచి 2023లో వచ్చిన సిమ్స్ 4 హార్స్ రాంచ్ దాకా ఇలాంటి ఆటలు చాలానే ఉన్నాయి. హార్స్ రియాలిటీ లాంటివి ఇంకో అడుగు ముందుకేసి, పిల్ల రంగును అసలు గుర్రాల జన్యుసూత్రాల ప్రకారమే తేలుస్తాయి. ఆడేవాళ్ల తపన ఒక్కటే: పక్కవాళ్ల లాయంలో లేని మచ్చ మన గుర్రానికి ఉండాలి. ఆ మచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది? దాని వెనక ఏం దాగి ఉంటుంది? ఆటలో, అసలు గుర్రాల్లో ఉన్న కొన్ని విశేషాలు ఇవిగో.

ఉన్న వర్ణకాలు రెండే

లోకంలో ఎన్ని రంగుల గుర్రాలున్నా వాటి వెంట్రుకల్లో ఉండే వర్ణకాలు రెండే. నలుపునిచ్చేది యూమెలనిన్, ఎరుపునిచ్చేది ఫియోమెలనిన్. ఈ రెండూ లేనిచోట కనిపించేదే తెలుపు. వీటిని నడిపించే ముఖ్యమైన జన్యువులూ రెండే. ఎంసీ1ఆర్ అనే జన్యువు సరిగా పనిచేస్తే వెంట్రుకల్లో నలుపు తయారవుతుంది. అది దెబ్బతింటే ఒళ్లంతా ఎరుపే. దాన్ని చెస్ట్‌నట్ అంటారు. అగౌటి అనే రెండో జన్యువు నలుపును జూలు, తోక, కాళ్ల చివర్లకు తరిమేస్తుంది. అలా ఎర్రటి ఒంటికి నల్లటి జూలు వస్తే అది బే. అగౌటి పనిచేయకపోతే నిలువెల్లా నలుపే. మొదటిదాని గుట్టు 1996లో, రెండోదాని గుట్టు 2001లో బయటపడ్డాయి. మిగతా వింత రంగుల్లో చాలావరకు ఈ మూడింటిమీద పడ్డ మార్పులే.

నల్లటి జంటకు ఎర్రటి పిల్ల

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. రంగు దగ్గరికొచ్చేసరికి గట్టున మేసే దూడలు బోలెడు. ప్రతి గుర్రానికీ ఒక్కో జన్యువు రెండు కాపీలుగా ఉంటుంది. తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఎరుపు రావాలంటే రెండు కాపీలూ ఎరుపువే కావాలి. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే అంతర్గత లక్షణం అన్నారు. నల్లటి ఆడగుర్రం, నల్లటి మగగుర్రం చెరో ఎరుపు కాపీని లోపల దాచుకుని ఉంటే, వాటికి పుట్టే పిల్ల ఎర్రగా ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అదే ఇద్దరు చెస్ట్‌నట్‌లకు నల్ల పిల్ల పుట్టదు. వాటి దగ్గర ఇవ్వడానికి నలుపు కాపీ లేదు మరి.

వంశావళి చదివి పట్టేశాడు

ఎరుపు అంతర్గతమని తేలడానికి సూక్ష్మదర్శిని అవసరం రాలేదు. ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ చాంబర్లెయిన్ హర్స్ట్ 1906లో థరోబ్రెడ్ రేసు గుర్రాల వంశావళి పుస్తకాలు ముందేసుకుని, ఏ రంగు జంటకు ఏ రంగు పిల్లలు పుట్టాయో లెక్కగట్టాడు. చెస్ట్‌నట్ జంటలకు దాదాపు ఎప్పుడూ చెస్ట్‌నట్ పిల్లలే. మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగుచూసి అప్పటికి ఆరేళ్లే. ఈనాటి ఆటల్లో ఆరితేరినవాళ్లూ అచ్చం ఇదే పని చేస్తారు. గుర్రం బొమ్మకంటే ముందు దాని తాతముత్తాతల పట్టిక తెరుస్తారు.

నాలుగింట ఒకటి అంటే నాలుగోది కాదు

కొత్తగా ఆడేవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. కోరుకున్న రంగుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉందంటే, నాలుగు పిల్లలు పుడితే ఒకటి ఖాయమని అర్థం కాదు. ప్రతి పిల్లకూ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు పిల్లలు పుట్టినా ఆ రంగు ఒక్కసారీ రాకపోయే అవకాశం దాదాపు 32 శాతం. పది పిల్లలయ్యాక కూడా ఖాళీ చేతులే మిగిలే అవకాశం దాదాపు 6 శాతం. తెరమీద ఇది ఓ సాయంత్రం పని. అసలు గుర్రం చూలు మోసేది సుమారు 11 నెలలు, సాధారణంగా ఈనేది ఒక్క పిల్లనే. అందుకే గుర్రాలు పెంచేవాళ్లకు ఒక్క ‘దురదృష్టం’ ఏడాది ఖరీదు.

మైన్‌క్రాఫ్ట్‌లో మెండెల్ లేడు

2013 జులైలో వచ్చిన 1.6 వెర్షన్‌తో మైన్‌క్రాఫ్ట్‌లోకి గుర్రాలు అడుగుపెట్టాయి. ఒంటి రంగులు ఏడు, మచ్చల తీరులు, ఏ మచ్చా లేనిదానితో కలిపి, ఐదు. మొత్తం 35 రకాలు. బంగారు ఆపిల్ కానీ బంగారు క్యారెట్ కానీ తినిపిస్తే జత కడతాయి. పిల్లకు తొమ్మిదింట నాలుగు వంతులు తల్లి రంగు, నాలుగు వంతులు తండ్రి రంగు వచ్చే అవకాశం. మిగిలిన ఒక వంతులో ఏడు రంగుల్లో ఏదైనా రావచ్చు. మచ్చలకైతే ఐదింట రెండేసి వంతులు తల్లిదండ్రులవి, ఒక వంతు అదృష్టానిది. గోధుమరంగు జంటకు వేరే రంగు పిల్ల పుట్టే అవకాశం లెక్కేస్తే సుమారు పది శాతం. తాతల రంగు వారసత్వంగా మనవడికి తేలడం మాత్రం ఈ ఆటలో జరగదు, ఎందుకంటే ఇక్కడ గుర్రం దాచుకునేది ఏమీ లేదు. ఆ లోటు తీర్చడానికే అభిమానులు అసలు జన్యువుల తీరులో నడిచే మోడ్‌లు, అంటే ఆటకు జతచేసే మార్పులు, తయారుచేసుకున్నారు.

బంగారు రంగుకు వారసత్వం లేదు

బంగారు వన్నె ఒళ్లు, తెల్లటి జూలు ఉన్న పలోమినో ఏ ఆటలోనైనా అందరి కన్నూ పడే గుర్రం. దీన్ని తెచ్చేది క్రీమ్ అనే జన్యువు, దాని మార్పును 2003లో గుర్తించారు. డికాక్షన్‌లో పాలు పోసినట్టే దీని తీరు: చెస్ట్‌నట్‌లో ఒక కాపీ కలిస్తే పలోమినో, రెండు కలిస్తే నీలికళ్ల, మీగడరంగు క్రెమెల్లో. బే మీద ఒక కాపీ పడితే బక్‌స్కిన్, రెండు పడితే పర్లినో. పలోమినో అంటే ఒకే కాపీ ఉన్న గుర్రం కాబట్టి, రెండు పలోమినోలను జత కట్టిస్తే పిల్ల పలోమినో అయ్యే అవకాశం సగమే. పావు వంతు చెస్ట్‌నట్, పావు వంతు క్రెమెల్లో. మరి అన్నీ పలోమినోలే పుట్టాలంటే? అసలు పలోమినో జోలికి పోకుండా ఓ క్రెమెల్లోకు చెస్ట్‌నట్‌ను జతచేయాలి. నూటికి నూరూ బంగారమే.

కంటికి దొరకని వెండి

సిల్వర్ అనే జన్యువు నల్ల వెంట్రుకలమీదే పనిచేస్తుంది. నల్ల గుర్రం ఒంటిని చాక్లెట్ రంగుకు, జూలునూ తోకనూ వెండి రంగుకు మారుస్తుంది. చెస్ట్‌నట్‌లో నలుపే లేదు కాబట్టి అందులో ఈ జన్యువు ఉన్నా బయటపడదు. తరాల తరబడి చెస్ట్‌నట్‌లలో చడీచప్పుడు లేకుండా ప్రయాణించి, ఓ నల్ల గుర్రంతో జతకట్టాక పిల్లలో వెండి జూలుగా తేలవచ్చు. క్రీమ్ దీనికి ఎదురు: అది ఎరుపును ఇట్టే పలచబరుస్తుంది, ఒక్క కాపీ అయితే నలుపును దాదాపు ముట్టుకోదు. నల్లగా కనిపించే గుర్రంలో క్రీమ్ దాగి ఉంటే దాన్ని స్మోకీ బ్లాక్ అంటారు. కంటితో చూసి తేల్చడం నిపుణులకూ కష్టమే. అందుకే హార్స్ రియాలిటీలో జన్యు పరీక్షలు పెట్టారు. అసలు గుర్రాలకూ ఆ పరీక్ష ఉంది. జూలు నుంచి కానీ తోక నుంచి కానీ కుదుళ్లతో సహా పీకిన 20, 30 వెంట్రుకలు చాలు.

తెల్లగుర్రం నల్లగా పుడుతుంది

తెల్లగా మెరిసే గుర్రాల్లో చాలావాటిని శాస్త్రం ‘గ్రే’ కిందే లెక్కేస్తుంది. ఇవి నల్లగానో ఎర్రగానో పుట్టి, ఏటా కాస్త కాస్త నెరుస్తూ తెల్లబడతాయి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో నృత్యంలాంటి విన్యాసాలు చేసే లిపిజానర్లు ఇలాంటివే. ఎప్పుడైనా నెరవకుండా బే రంగులోనే మిగిలిపోయిన ఒకదాన్ని అదృష్టమని అక్కడ ప్రత్యేకంగా ఉంచుకుంటారు. ఈ నెరుపుకు కారణం డీఎన్‌ఏలో ఓ ముక్క రెండుసార్లు రాసిపెట్టి ఉండడమేనని 2008లో తేలింది. లోకంలోని గ్రే గుర్రాలన్నీ ఒకే పూర్వజుడి నుంచి వచ్చినవేనని కూడా అప్పుడే తెలిసింది. ఆ ముక్క మూడుసార్లు ఉంటే త్వరగా నెరుస్తాయి, రెండేసార్లు ఉంటే నెమ్మదిగా నెరుస్తాయని 2024లో వెల్లడైంది. ఈ అందానికి వెల కూడా ఉంది. 15 ఏళ్లు దాటిన గ్రే గుర్రాల్లో 70 నుంచి 80 శాతానికి చర్మంమీద మెలనోమా గడ్డలు వస్తాయి. నెమ్మదిగా నెరిసేవాటికి ఈ బెడద చాలా తక్కువ. అన్నట్టు, 2009లో గుర్రం జన్యుపటం మొదటిసారి పూర్తిగా ప్రచురించినప్పుడు, దానికి డీఎన్‌ఏ ఇచ్చిన ట్వైలైట్ అనే థరోబ్రెడ్ ఆడగుర్రం కూడా గ్రేనే.

బరాత్‌లో ఓ చిన్న పరీక్ష

హైదరాబాద్‌లో పెళ్లి బరాత్ కనిపిస్తే, వరుణ్ణి కాసేపు పక్కనపెట్టి గుర్రం మూతి చూడండి. వెంట్రుకలు తెల్లగా ఉండి చర్మం నల్లగా ఉంటే అది నెరిసిన గ్రే. చర్మం గులాబీరంగులో ఉంటే అది పుట్టుకతోనే తెలుపో మీగడరంగో అయి ఉండవచ్చు. గులాబీ చర్మానికి నీలికళ్లు, మీగడరంగు ఒళ్లు తోడైతే రెండు కాపీల క్రీమ్ అయ్యే అవకాశం ఎక్కువ.

పంచకళ్యాణి ఎలా తయారవుతుంది?

నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్న గుర్రాన్ని పంచకళ్యాణి అంటూ శుభలక్షణంగా చూడడం మనకు తెలిసిందే. అంత పద్ధతిగా చివర్లే ఎందుకు తెల్లబడతాయి? పిండం ఎదిగేటప్పుడు రంగు కణాలు వెన్ను దగ్గర పుట్టి, అక్కణ్ణుంచి ఒళ్లంతా పాకుతాయి. నుదురు, ముక్కు, కాలి గిట్టలు వాటికి బాగా దూరపు మజిలీలు. కణాలు తక్కువైనా, నడక మందగించినా అక్కడిదాకా చేరలేవు. చేరని చోటల్లా తెలుపే. ఇలాంటి గుర్తుల్లో చాలావాటి వెనక ఒకే జన్యువు కాకుండా కొన్ని కలిసి పనిచేస్తాయి. ఇంకో తమాషా ఏమిటంటే, మిగతావన్నీ సమానమైనా బే గుర్రాలకంటే చెస్ట్‌నట్‌లకు తెల్ల గుర్తులు ఎక్కువ. పంచకళ్యాణి కావాలనుకునేవాళ్లు మొదట వెతకాల్సింది ఎర్రటి వంశంలోనే.

క్లోన్‌కూ అదే బొట్టు రాదు

లోకంలో మొదటి క్లోన్ గుర్రం ప్రొమెటియా 2003 మే 28న ఇటలీలో పుట్టింది. తనకు జన్యువులిచ్చిన ఆడగుర్రం కడుపునే పుట్టింది, అంటే తల్లీ పిల్లా కవలలన్నమాట. ఆ తర్వాత పోలో గుర్రాలను చాలానే క్లోన్ చేశారు. ఒకే గుర్రం క్లోన్‌లను పక్కపక్కన నిలబెడితే ఒంటి రంగు ఒక్కటే, నుదుటి బొట్టు, కాళ్ల తెలుపు మాత్రం వేరు. రంగు కణాల ప్రయాణంలో యాదృచ్ఛికత పాలు ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏదైనా ఆటలో ఒకే జన్యువులున్న రెండు గుర్రాలకు మచ్చల అంచులు అచ్చుగుద్దినట్టు ఉంటే, ఆ ఆట ప్రకృతికి ఒక మెట్టు కింద ఉన్నట్టే.

తలకిందులైన డీఎన్‌ఏ

పెద్దపెద్ద తెల్ల పట్టీలు వెన్నుమీదుగా దాటి, కాళ్లన్నీ తెల్లగా, తల మాత్రం రంగుతో ఉండే తీరును టోబియానో అంటారు. ఆటల్లో విరివిగా దొరికే మచ్చ ఇది. దీని వెనకున్న మార్పు మాత్రం మామూలుది కాదు. మూడో క్రోమోజోములో దాదాపు 4 కోట్ల అక్షరాల పొడవున్న ముక్క ఊడి, తిరగేసి అతుక్కుంది. ఆ అతుకు రంగు కణాలకు కీలకమైన కిట్ జన్యువు పక్కనే పడింది. ఈ సంగతి 2007లో బయటపడింది. ఇంత భారీ తారుమారు జరిగినా గుర్రానికి నష్టమేమీ లేదు. రెండు కాపీలున్నా హాయిగా బతుకుతుంది, పుట్టే ప్రతి పిల్లకూ మచ్చలిస్తుంది.

గుహలో గీసిన చుక్కలు

ఫ్రాన్స్‌లోని పెష్ మెర్ల్ గుహ గోడమీద దాదాపు 25 వేల ఏళ్లనాటి చుక్కల గుర్రాల బొమ్మలున్నాయి. అంత పాతకాలంలో చుక్కల గుర్రాలు ఉంటాయా, చిత్రకారుడి ఊహే కదా అని చాలాకాలం అనుకున్నారు. 2011లో 31 ప్రాచీన గుర్రాల ఎముకల డీఎన్‌ఏ పరీక్షించారు. బే 18, నలుపు 7, మిగిలిన ఆరింటిలో చుక్కలనిచ్చే లెపర్డ్ జన్యువు! ఆ చిత్రకారుడు కళ్లారా చూసిందే గీసి ఉండవచ్చు. ఈనాటి అపాలూసా, డెన్మార్క్ నాబ్‌స్ట్రప్పర్ జాతుల చుక్కలు ఆ జన్యువు చలవే. చారల గిట్టలు, కంటిచుట్టూ కనిపించే తెలుపు దాని ఆనవాళ్లు.

చుక్కలు నిండితే చీకటి

ఆ లెపర్డ్ జన్యువులో జరిగింది ఏమిటో 2013లో తేలింది. పూర్వం ఎప్పుడో చొరబడిన వైరస్ శకలం టీఆర్‌పీఎం1 అనే జన్యువులో ఇరుక్కుపోయింది. ఈ జన్యువుకు చర్మంలోనే కాదు, కంటిలోనూ పనుంది. మసక వెలుతురును పట్టే కణాల సందేశం ముందుకు సాగాలంటే అది కావాలి. మారిన కాపీ ఒక్కటే ఉంటే చూపుకు ఢోకా లేదు. రెండూ మారినవే అయితే పుట్టుకతోనే రేచీకటి. తమాషా ఏమిటంటే, చుక్కలు కళ్లు చెదిరేలా ఉండేది ఒక కాపీ ఉన్న గుర్రంలోనే. రెండు కాపీలున్నదాని ఒళ్లు దాదాపు తెల్లబడిపోయి, చుక్కలు అక్కడక్కడా మిగులుతాయి. ఆటలో దాన్ని అన్నీ చుక్కల పిల్లలనే ఇస్తుందని ఎగబడి కొంటారు. నిజంలో దాన్ని సందెవేళ బయటికి తీసుకెళ్లేవాడు జాగ్రత్తగా నడిపించాలి.

తెల్లగా పుట్టి, రోజుల్లోనే పోయే పిల్ల

పక్కలనుంచి గరుకు అంచులతో తెలుపు పాకి, వెన్ను మాత్రం రంగుతో మిగిలితే దాన్ని ఫ్రేమ్ అంటారు. చూడముచ్చటైన మచ్చ. ఒక కాపీతో గుర్రానికి ఏ ఇబ్బందీ లేదు. రెండు ఫ్రేమ్ గుర్రాలను జత కట్టిస్తే మాత్రం నాలుగింట ఒక పిల్లకు రెండు కాపీలు చేరతాయి. అది దాదాపు పూర్తి తెల్లగా పుడుతుంది. రంగు కణాలూ, పేగుల్ని కదిలించే నాడీకణాలూ పిండంలో ఒకే చోటునుంచి బయల్దేరతాయి. ఆ ప్రయాణాన్ని నడిపించే ఈడీఎన్‌ఆర్‌బీ జన్యువు రెండు కాపీలూ చెడితే పేగుల్లోకి నాడులు చేరవు. తాగిన పాలు ముందుకు కదలవు. కొద్దిరోజుల్లోనే ప్రాణం పోతుంది, వైద్యం లేదు. కారణం 1998లో తెలిసింది, పరీక్షా వచ్చింది. కొన్ని గుర్రాల్లో ఫ్రేమ్ ఉన్నా మచ్చ పెద్దగా కనిపించదు కాబట్టి పైచూపును నమ్మడానికి లేదు.

నీలికళ్లు, మూసుకుపోయిన చెవులు

కింది భాగాన్ని సున్నంలో ముంచి తీసిన తీరులో కాళ్లు, పొట్ట, ముఖం తెల్లబడి, కళ్లు నీలంగా ఉంటే అది స్ప్లాష్డ్ వైట్. ఎంఐటీఎఫ్, పాక్స్3 అనే జన్యువుల్లోని మార్పులు దీనికి కారణమని 2012లో తెలిసింది. ఇలాంటి గుర్రాల్లో కొన్నింటికి వినపడదు. లోపలి చెవిలో కూడా రంగు కణాలు ఉంటాయి, శబ్దాన్ని గ్రహించడంలో వాటికో పాత్ర ఉంది. తెలుపు చెవిదాకా పాకితే వినికిడి పోతుంది.

నల్ల ఇంట పుట్టిన తెల్ల రాణి

జపాన్‌లో 1996లో ముదురు రంగు తల్లిదండ్రులకు మంచులాంటి తెల్ల ఆడపిల్ల పుట్టింది. తండ్రి పేరుమోసిన రేసు గుర్రం సండే సైలెన్స్. ఆ పిల్లకు షిరాయుకిహిమే అని పేరు పెట్టారు. ఆమెలో కిట్ జన్యువు కొత్తగా మారింది; ఒక్క కాపీతోనే ఒళ్లంతా తెలుపు. ఆమె మనవరాలు సొదాషి 2018లో పుట్టింది. 2020లో జీ1 అనే అత్యున్నత స్థాయి పందెం గెలిచిన మొదటి తెల్లగుర్రం అదే. 2021లో ఓకా షో అనే క్లాసిక్ పందెం కూడా గెలిచింది. కిట్‌లో ఇలా తెలుపునిచ్చే మార్పులు ఇప్పటికి 30కి పైగా తెలిశాయి. ఆటలో ‘మ్యుటేషన్’ అని ఊరించేదానికి అసలు రూపం ఇదే.

చారలు ఆడవాటికే

పులిచారల్లాంటి నిలువు గీతలున్న బ్రిండిల్ గుర్రం అరుదుల్లోకెల్లా అరుదు. క్వార్టర్ హార్స్ జాతికి చెందిన ఒక కుటుంబంలో ఈ చారలు ఎక్స్ క్రోమోజోముమీది ఎంబీటీపీఎస్2 జన్యువు మార్పువల్ల వస్తున్నాయని 2016లో కనుగొన్నారు. ఆడవాటికి రెండు ఎక్స్‌లు. ఒక్కో కణంలో ఒక్కొక్కటి నిద్రపోతుంది కాబట్టి చారలు ఏర్పడతాయి. మగవాటికి ఉన్నది ఒకటే ఎక్స్. వాటికి చారలు రావు, జూలు, తోక పలచబడతాయి. ఇంకో రకం బ్రిండిల్ కూడా ఉంది. కడుపులో రెండు కవల పిండాలు కలిసిపోయి ఒకే గుర్రంగా పుడితే, ఒంటిమీద రెండు డీఎన్‌ఏలు చారలు చారలుగా సర్దుకుంటాయి. ఇది పిల్లలకు సంక్రమించదు. ఎంత మేటి పెంపకందారైనా దీన్ని కోరి పుట్టించలేడు.

పేరు మిగిల్చిన మచ్చలు

చెస్ట్‌నట్ ఒంటిమీద చెదురుమదురుగా కనిపించే ముదురు మచ్చలను బెండ్ ఆర్ మచ్చలంటారు. 1880లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన గుర్రం పేరది. చిన్నచిన్న తెల్ల చుక్కలకు పేరిచ్చింది 1833లో పుట్టిన ఐరిష్ బర్డ్‌క్యాచర్. గ్రే ఒంటిమీద తెల్ల మచ్చలున్న ది టెట్రార్క్ 1913లో ఏడు పందేలు పరిగెత్తి ఏడూ గెలిచింది. జనం దాన్ని ‘మచ్చల అద్భుతం’ అన్నారు.

వెంట్రుకలో ఒక పక్కే రంగు

వెన్నుపొడవునా నల్ల గీత, కాళ్లమీద అడ్డచారలు, మట్టిరంగు ఒళ్లు: ఇది డన్. మంగోలియా మైదానాల ప్రెజ్వాల్‌స్కీ గుర్రంలో ఇప్పటికీ ఇదే రంగు. డన్ గుర్రం వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే వర్ణకం ఒక పక్కనే ఉంటుంది, రెండో పక్క ఖాళీ. అందుకే రంగు పలచగా కనిపిస్తుంది. టీబీఎక్స్3 జన్యువు చేసే ఈ పని 2015లో వెలుగులోకి వచ్చింది. అడవి గుర్రాల రంగు ఇదే అనుకుంటే, మనం ‘మామూలు’ అనుకునే బే, నలుపు, చెస్ట్‌నట్‌లే నిజానికి మార్పుచెందినవి.

సుడులు చెప్పే గుర్తింపు

గుర్రాన్ని కొనేముందు రంగు, సుడులు చూడడం మన దేశంలో పాత ఆచారం. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము పేరుతో అశ్వశాస్త్రమే రాశాడు. శుభాశుభాల సంగతి నమ్మకానికి వదిలేసినా, సుడులను చూడడంలో ఒక తెలివుంది. అవి పుట్టినప్పటినుంచి చోటు మారవు. గ్రే గుర్రం రంగు మారుతుంది, సుడి మారదు. అందుకే ఇప్పటి గుర్రాల పాస్‌పోర్టుల్లో మచ్చలతోపాటు సుడులనూ గుర్తిస్తారు.

కంచర గాడిదకు లెక్క కుదరదు

గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. వాటికి పుట్టే కంచర గాడిదకు 63. జతలు కుదరని బేసి సంఖ్య కావడంతో దానికి దాదాపు ఎప్పుడూ సంతానం కలగదు. మైన్‌క్రాఫ్ట్‌లో కంచర గాడిదను పుట్టించవచ్చు కానీ దాన్ని జత కట్టించడం కుదరదు. మిగతా లెక్కల్లో ఎంత ఉదారంగా ఉన్నా, ఈ ఒక్కచోట ఆ ఆట ప్రకృతి మాటే విన్నది.

ఆఖరుగా ఒక లెక్క

మీకు ఫ్రేమ్ మచ్చలున్న పలోమినో పిల్ల కావాలి. కొత్తవాళ్లు చేసే పని అలాంటివే రెండింటిని తెచ్చి జత కట్టించడం. అప్పుడు పలోమినో రంగు వచ్చే అవకాశం సగం, ఒక కాపీ ఫ్రేమ్ వచ్చే అవకాశం సగం. రెండూ కలిసొచ్చేది నాలుగింట ఒక వంతు. ఇంకో నాలుగింట ఒక వంతు పిల్లలు పుట్టి చనిపోతాయి. లెక్క తెలిసినవాళ్లు ఫ్రేమ్ లేని క్రెమెల్లోను, ఫ్రేమ్ ఉన్న చెస్ట్‌నట్‌ను ఎంచుకుంటారు. పిల్లలన్నీ పలోమినోలే, అందులో సగానికి ఫ్రేమ్. చావు ప్రసక్తే లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కటీ మీరు కోరుకున్న రంగులో లేదు, అయినా అవకాశం రెట్టింపైంది. తెరమీదైనా లాయంలోనైనా మంచి పెంపకందారు గుర్రాన్ని ఎంచుకునేది ఇలాగే: ఒంటిమీద ఏముందో చూసి సంబరపడతాడు, లోపల ఏముందో తెలుసుకున్నాకే జత కట్టిస్తాడు.